చుక్కల లెక్కా, కదలికల లెక్కా: ఒక మానిటర్ కొన్న కథ

పోయిన మాఘమాసం ముహూర్తాల రద్దీలో మా షాపు నుంచి వెళ్ళిన ఒక శుభలేఖలో "వధువు" అని ఉండవలసిన చోట "వథువు" అని అచ్చయింది. మొత్తం మూడు వందల కార్డులు. ప్రూఫు చూసింది మరొకరైతే కోప్పడే వీలైనా ఉండేది. చూసింది నేనే కాబట్టి కాగితం ఖర్చు, అచ్చు ఖర్చు రెండూ నా జేబులోంచే పోయాయి. ధకూ థకూ తేడా పొట్టలో ఉండే ఒక్క చుక్క మాత్రమే. ఆరేళ్ళుగా వాడుతున్న నా మానిటర్ మీద ఆ చుక్క తేటగా కనిపించాలంటే పేజీని రెండింతలు పెంచి చూడాలి, పెళ్ళిళ్ళ సీజన్‌లో అంత ఓపిక నాకు ఉండదు. తప్పు కంటిదేనని ఒప్పుకుంటూనే, శిక్ష మాత్రం తెరకు వేద్దామని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను.

నల్లగొండ క్లాక్ టవర్‌కు కూతవేటు దూరంలో ఉన్న మా డీటీపీ షాపులో పగలంతా శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు తయారవుతాయి. రాత్రి తొమ్మిది దాటి షట్టర్ సగానికి దించిన తర్వాత అదే కంప్యూటర్ మీద నేను ఆటలు ఆడుకుంటాను. నలభై దాటిన మనిషికి ఇదేం పని అని అడిగేవారు అడుగుతూనే ఉంటారు. మా ఆవిడ అడగడం మానేసి, దీనికి "రెండో షిఫ్టు" అని పేరు పెట్టింది. హైదరాబాదులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా అక్క కొడుకు సెలవులకు వచ్చినప్పుడు ఆ షిఫ్టులో భాగం పంచుకుంటాడు. నాకు కొండలు, మంచు, గుర్రాలు ఉండి నిదానంగా తిరిగే ఆటలు ఇష్టం. వాడి లోకమంతా వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 అనే తుపాకుల ఆటలు. కొత్త మానిటర్ అన్న మాట వినగానే వాడు 240 హెర్ట్జ్ అన్నాడు, అంటే సెకనుకు 240 సార్లు మారే తెర. నేను 4కె అన్నాను, అంటే చుక్కలు బాగా ఎక్కువగా ఉండే తెర. చేతిలో ఉన్నది 20,000 రూపాయలు. రెండూ ఒకే తెరలో రావాలంటే ఆ డబ్బుకు కుదరదు.

నిజానికి ఈ తగవు కొత్తది కాదు. ఇరవై ఏళ్ళ కిందట బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌లో మేము పాత కౌంటర్ స్ట్రైక్ ఆడిన రోజుల్లో అన్నీ 17 అంగుళాల డబ్బా మానిటర్లే. వాటిలో ఎక్కువ వాటికి సెకనుకు సుమారు 70 వేల అడ్డగీతలు గీసే శక్తి ఉండేది. ఆ గీతలను ఎలా ఖర్చు పెట్టుకోవాలన్నది మన ఇష్టం: 1024×768 పెట్టుకుంటే తెర సెకనుకు 85 సార్లు మారేది, 1280×1024కు పోతే 60 దగ్గర ఆగిపోయేది. అరవైలో ట్యూబ్‌లైటు కింద తెర వణుకుతున్నట్టు కనిపించి అరగంటలో తలనొప్పి వచ్చేది కాబట్టి అందరమూ చుక్కలు తగ్గించుకొని 85నే ఎంచుకునేవాళ్ళం. తర్వాత ఎల్‌సీడీ తెరలు వచ్చాయి, వణుకు పోయింది, దానితోపాటే అందరూ 60కి అలవాటు పడి హెర్ట్జ్ అనే మాటనే మరిచిపోయారు.

పాత తెర గుణం ముందుగా చెప్పాలి. అది 27 అంగుళాల 1080పి, అంటే నిలువున 1080 చుక్కలున్నది. పెద్దదిగా ఉంటే అక్షరాలు బాగా కనిపిస్తాయన్న అమాయకత్వంతో కొన్నది. తెర పెరిగినా చుక్కలు పెరగలేదు కాబట్టి ఒక్కో తెర చుక్క, అంటే పిక్సెల్, లావెక్కి 0.31 మిల్లీమీటర్లు అయింది. చిన్న సైజు తెలుగు అక్షరంలో థ పొట్టలోని చుక్కకు దక్కేది ఒకటో రెండో పిక్సెళ్ళు. ఇంగ్లీషు అక్షరానికి వత్తులూ గుణింతాలూ ఉండవు కనుక ఆ తెర మీద ఫరవాలేదనిపిస్తుంది. మన "లక్ష్మీ"లో క కింద ష, దాని పక్కన మ, పైన గుడిదీర్ఘం అన్నీ అదే ఎత్తులో ఇరుక్కోవాలి. 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూసే ఆరోగ్యవంతమైన కంటికి 0.17 మిల్లీమీటర్ల పైన ఉన్న చుక్కలు విడివిడిగా పట్టుబడతాయి. 27 అంగుళాల 1440పిలో చుక్క 0.23, అదే కొలత 4కెలో 0.16. అంటే కంటి హద్దును దాటేది 4కె ఒక్కటే. నా మొదటి మొగ్గు అటువైపు ఉండటానికి కారణం ఇదే, అది తప్పుడు కారణమని ఇప్పటికీ అనుకోను.

అయితే ఈ రెండు అంకెలూ కొనేవాడి మీద ఒకే తీరుగా భారం వేయవని లెక్క వేసుకున్నాకే అర్థమైంది. 1080పి తెరలో 20,73,600 పిక్సెళ్ళు, 1440పిలో 36,86,400, 4కెలో 82,94,400 ఉంటాయి. ఆట ఆడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ప్రతి ఫ్రేములోనూ, అంటే తెర మీదికి వచ్చే ఒక్కో బొమ్మలోనూ, వీటన్నిటికీ రంగు నింపాలి. రిజల్యూషన్, అంటే ఈ చుక్కల సంఖ్య, మానిటర్ కొన్న రోజుతో తీరిపోయే ఖర్చు కాదు. అది ప్రతి ఫ్రేముకూ కార్డు కట్టవలసిన కిస్తీ. హెర్ట్జ్ అలాంటిది కాదు, అది ఇంటికి పెట్టించుకున్న పెద్ద దర్వాజ. ఎంత వెడల్పుగా పెట్టించినా లోపలికి వచ్చేవాళ్ళు తక్కువైతే వచ్చే నష్టమేమీ లేదు. 165 హెర్ట్జ్ తెర మీద ఆట సెకనుకు 70 ఫ్రేములే ఇస్తే 70 చూస్తాం, అంతే. 4కె తెర కొని కార్డు చాలకపోతే ప్రతి రాత్రీ ఆ లోటు కంటికి తగులుతుంది. మధ్యస్థపు కార్డు ఉన్నవాడు పొరపాటు చేయక తప్పదనుకుంటే హెర్ట్జ్ వైపు చేయడమే మేలని నా అభిప్రాయం.

నా దగ్గర ఉన్నది ఆర్‌టీఎక్స్ 3060 అనే కార్డు. కాగితం మీది లెక్కను నమ్మలేక ఒక ఆదివారం సీపీయూను స్కూటీ ముందు పెట్టుకొని ఇంటికి తీసుకువెళ్ళి, హాల్లో ఉన్న 43 అంగుళాల 4కె టీవీకి తగిలించాను. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే గుర్రాల ఆట పెట్టాను. గుర్రం నిలబడి ఉన్నంతసేపు ఆ బొమ్మను చూసి మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడింది. జూలులో వెంట్రుకలు, కాళ్ళ కింద నలిగిన మంచు, దూరాన పైన్ చెట్ల మొనలు, అన్నీ అచ్చు ఫోటోలా ఉన్నాయి. గుర్రాన్ని అదిలించగానే అదంతా రంగునీళ్ళు కలిపినట్టు అలుక్కుపోయింది. ఫ్రేముల లెక్క 30 దాటడానికి ఆయాసపడుతోంది. అదే ఆటను 1440పికి తగ్గిస్తే 60కి అటూ ఇటూగా నడిచింది.

ఆ అలుకుడుకు కారణం కార్డు బలహీనత ఒక్కటే కాదు. ఎల్‌సీడీ గానీ ఓఎల్‌ఈడీ గానీ ఒక ఫ్రేమును చూపించిన తర్వాత తరువాతిది వచ్చేవరకు దానిని కదలకుండా నిలబెట్టి ఉంచుతుంది. మన కన్ను మాత్రం కదిలే వస్తువు వెంట ఆగకుండా జారుతూ పోతుంది. నిలిచి ఉన్న బొమ్మ మీద జారే కన్ను పడటం వల్ల అది లోపల గీతలా సాగుతుంది. ఎంత సాగుతుందో స్కేలుతో కొలిచి చెప్పవచ్చు: 27 అంగుళాల తెర వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు, ఒక బండి ఆ వెడల్పును ఒక్క సెకనులో దాటిందనుకుంటే 60 హెర్ట్జ్ వద్ద ఒక్కో ఫ్రేముకు ఒక సెంటీమీటరు దూకుతుంది, అంతమేరకు మసక కనిపిస్తుంది. 144 వద్ద అది నాలుగు మిల్లీమీటర్లు, 240 వద్ద రెండున్నర. ఈ లెక్కలో రిజల్యూషన్ ఎక్కడా రాలేదు. 4కె తెర మీద ఆ ఒక్క సెంటీమీటరులో 64 పిక్సెళ్ళు ఉంటాయి, వాటన్నిటినీ అంత డబ్బు పోసి కొన్నాక, బండి కదిలినంతసేపు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నిలిచినప్పుడు మాత్రమే దక్కే సొగసు అది.

ఈ సంగతి తెలిశాక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళాను. అక్కడి ఒక షాపులో 4కె తెర మీద తేనెటీగలు, పూలు నెమ్మదిగా కదిలే వీడియో నడుస్తోంది, దాని పక్కనే ఉన్న 165 హెర్ట్జ్ తెర మీద కంపెనీ బొమ్మ ఒకటి కదలకుండా ఉంది. అమ్మేవారికి ఏది అమ్మాలని ఉందో అంతలోనే తెలిసిపోయింది. నేను వారిని బతిమాలి రెండింటి మీదా ఒకే తెలుగు వార్తల పేజీ తెరిపించి, మౌస్ చక్రంతో పైకీ కిందకీ జరిపి చూశాను. నిలిపి చదివితే 4కె అచ్చు పుస్తకం లాగే ఉంది, పక్కది దాని ముందు వెలవెలబోయింది. జరుపుతూ చదివితే మాత్రం 4కె తెర మీద వత్తులన్నీ ఒక బూడిదరంగు పట్టీగా మారాయి, 165 హెర్ట్జ్ తెర మీద శీర్షికలు కదులుతుండగానే చదవగలిగాను. ఎగిరే పళ్ళెం బొమ్మను కదిలించి తెరను పరీక్షించే టెస్ట్‌యూఎఫ్‌ఓ అనే సైటు తెరిచినా ఇదే కనిపిస్తుంది గానీ, నా మటుకు ఎగిరే పళ్ళెం కంటే వత్తులే నమ్మకమైన సాక్ష్యం.

అయినా నా చేయి 4కె వైపే పోయేది, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాము అడ్డం రాకపోయి ఉంటే. మా వృత్తిలో చాలామందికి ఇప్పటికీ అన్నం పెడుతున్నది 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, "అను" అనే పేరున్న తెలుగు ఫాంట్లు. 27 అంగుళాల 4కె తెర మీద విండోస్ మెనూలు చీమల్లా కనిపిస్తాయి కాబట్టి స్కేలింగును, అంటే మెనూలూ అక్షరాలూ కనిపించే సైజును, 150 శాతానికి పెంచుకోవాలి. కొత్త ప్రోగ్రాములు ఆ సంగతి గ్రహించి అక్షరాలను తామే పెద్దగా, తేటగా గీసుకుంటాయి. పేజ్‌మేకర్ పుట్టేనాటికి ఇలాంటి తెరలు లేవు కనుక అది పాత కొలతలోనే గీస్తుంది, విండోస్ దానిని ఫోటో సాగదీసినట్టు సాగదీస్తుంది. ఫలితంగా 83 లక్షల చుక్కలున్న తెర మీద నా థ మళ్ళీ మసకే. సాగదీయవద్దని చెబితే పనిముట్ల పెట్టె గోటి పరిమాణానికి కుంచించుకుపోతుంది. ఏ చుక్క కోసమైతే బయలుదేరానో అదే 4కెలో దక్కదని తేలింది. 27 అంగుళాల 1440పిలో స్కేలింగును 100 దగ్గరే ఉంచవచ్చు, పాత ప్రోగ్రామైనా ఒక చుక్కకు ఒక చుక్క వేస్తుంది. డీటీపీ వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, తెర ముందు పెట్టుకొని మీ సాఫ్ట్‌వేర్ వయసు కూడా లెక్కలోకి తీసుకోండి.

యూనికోడ్‌లో, కొత్త సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవారికి ఈ ఇబ్బంది లేదు, వారికి 4కె నిజంగా సుఖం. ఆటల విషయంలో కూడా చిన్న బొమ్మను పెద్దదిగా పెంచి చూపే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ వంటి పద్ధతులు వచ్చాక 4కె భారం కొంత తేలికపడింది. 4కె తెర మీద డీఎల్ఎస్ఎస్‌ను క్వాలిటీలో పెడితే కార్డు లోపల గీసేది 1440పి బొమ్మనే, మిగిలిన చుక్కలను అది అంచనా కట్టి నింపుతుంది. నింపడం ఎంత నేర్పుగా ఉంటుందంటే, నిదానమైన ఆటల్లో తేడా పట్టుకోవడానికి నేను కళ్ళద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. పీఎస్5 గేమ్ కన్సోల్ ఉండి, సోఫాలో కూర్చుని ఆడేవారు టీవీకైనా మానిటర్‌కైనా కేబుల్ తగిలించే చోట హెచ్‌డీఎంఐ 2.1 ఉందో లేదో చూసుకొని 4కె తీసుకోవడమే సబబు. నా కార్డు వయసుకూ, నా వృత్తికీ అది పొసగలేదు, అంతవరకే నా మాట.

ఇక మా అల్లుడి 240 సంగతి. 60 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేము నిలిచి ఉండేది 16.7 మిల్లీసెకన్లు, 144లో 6.9, 240లో 4.2, 360లో 2.8. మొదటి మెట్టు ఎక్కినప్పుడు పది మిల్లీసెకన్లు కలిసివస్తాయి, రెండో మెట్టులో మూడుకు తక్కువ, మూడో మెట్టులో ఒకటిన్నర. ఎక్కేకొద్దీ మెట్టు ఎత్తు తగ్గుతుంది, ధర మాత్రం అలా తగ్గదు. ఇదే వాడికి చెప్పాను.

"మామా, అవతలోడు 240 మీద ఆడుతుంటే నేను తక్కువల ఎట్ల గెలుస్త?"

"మన దగ్గర ముంబై సర్వర్‌కు సిగ్నలు పోయి వచ్చే పింగే 40 మిల్లీసెకన్లు ఉంటది గదరా. ఆ మూడు మిల్లీసెకన్లు అండ్ల ఏ మూలకు?"

"పింగు అందరికీ ఉంటది మామా. తెర ఎవనిది వానిదే."

వాడి మాటలో నిజముంది, ఒప్పుకున్నాను. పింగు ఎక్కువైనంత మాత్రాన కంటికి కనిపించే కదలికలో తేటదనం తగ్గిపోదు, గురి కుదిరేది ఆ కదలికను చూసే. పైగా వాలరెంట్ తేలికైన ఆట, నా కార్డు మీద కూడా 240 ఫ్రేములు సులువుగా దాటుతుంది. వాడు ఒక్కడే ఆడుకునే తెర అయితే, ఆడేవి ఆ రెండు ఆటలే అయితే, 24 లేదా 25 అంగుళాల 1080పి, 240 హెర్ట్జ్ తెర కొనివ్వడమే న్యాయం. అంత చిన్న తెరలో 1080పి చుక్కలు లావుగా కూడా కనిపించవు. కానీ ఆ తెర మీద పొద్దున నేను పంచాంగం కరపత్రం దిద్దాలి.

చివరికి 27 అంగుళాల 1440పి, 180 హెర్ట్జ్, ఐపీఎస్ రకం ఎల్‌సీడీ తెర ఒకటి మా డబ్బులోపే దొరికింది. వీఏ అనే మరో రకం తెరలు కొంచెం చవకగా వచ్చాయి గానీ చీకటి సన్నివేశాల్లో నలుపు వెనుక తోక సాగడం చూసి వదిలేశాను. పెట్టె మీద రాసే "1 మిల్లీసెకను" అన్న మాటను ఎవరూ ముఖవిలువకు తీసుకోవద్దు, ఏ పద్ధతిలో కొలిచారన్నది ఒక్కో పెట్టెలో ఒక్కో తీరు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు ఎక్కి, పెట్టెను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకొని, నార్కట్‌పల్లి మలుపు దాటేదాకా దాని మీద చేయి తీయకుండా వచ్చాను. కండక్టర్ దానికి లగేజీ టికెట్ కొట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించి, "టీవీయా?" అని అడిగి, కాదనేసరికి వదిలేశాడు.

తగిలించిన తర్వాత పదకొండు రోజులపాటు నేను ఆ తెరను మెచ్చుకున్నాను. కదలిక ఎంత నున్నగా ఉందో చూడమని పక్క జిరాక్స్ షాపు ఆయనను కూడా పిలిచి చూపించాను. పన్నెండో రోజు శనివారం అల్లుడు వచ్చి కూర్చుని మౌస్‌ను రెండుసార్లు తిప్పి నా వైపు చూశాడు. "మామా, ఇది 60లనే ఉన్నది గదా!" చాలాసార్లు విండోస్ కొత్త తెరను 60లోనే పెట్టి ఊరుకుంటుంది, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్ళి మనమే మార్చుకోవాలి. మార్చబోతే 144 దాకానే కనిపించింది. నేను తగిలించింది హెచ్‌డీఎంఐ కేబుల్. మానిటర్‌కు ఉన్నది హెచ్‌డీఎంఐ 2.0, అది సెకనుకు 18 గిగాబిట్లకు మించి మోయలేదు. డిస్‌ప్లేపోర్ట్ 1.4 అనే మరో రకం కేబుల్ అయితే 32.4 మోస్తుంది, ఆ కేబుల్ పెట్టె అడుగున థర్మోకోల్ కింద విప్పకుండానే ఉంది. అది పెట్టాక 180 వచ్చింది. ఈసారి నిజంగానే తేడా ఉంది. జిరాక్స్ షాపు ఆయనను మళ్ళీ పిలవడానికి మొహం చెల్లలేదు.

180 ఉంది కదా అని నేను 180లో ఆడను. ఏప్రిల్ దాటితే మా ఊరి ఎండ సంగతి తెలిసిందే. పది అడుగుల గదిలో కూలర్ ఒకవైపు, నిండుగా నడిస్తే 170 వాట్లు తాగే కార్డు ఇంకోవైపు పోటీ పడుతుంటే మధ్యలో మనిషి ఉడికిపోతాడు, కరెంటు పోయిన క్షణాన యూపీఎస్ కూత అందుకుంటుంది. నా ఆటలకు ఫ్రేములను 80 దగ్గర కట్టేశాను. తెరలో ఫ్రీసింక్ ఉంది, అంటే కార్డు వేగాన్ని బట్టి తెర తన వేగాన్ని మార్చుకుంటుంది. నాలాంటి ఎన్విడియా కంపెనీ కార్డులు 2019 జనవరి నుంచి ఇలాంటి తెరలతో కూడా పనిచేస్తున్నాయి కనుక ఫ్రేము తయారైనప్పుడే తెర మారుతుంది, 80 అయినా 65 అయినా కుదుపు తెలియదు. 60 హెర్ట్జ్ తెరలో ఈ వెసులుబాటుకు పైన చోటే ఉండదు. పెద్ద దర్వాజ వల్ల నాకు దక్కిన అసలు లాభం ఇది, దీనిని ఏ షాపులోనూ ఎవరూ నాకు చెప్పలేదు.

థ పొట్టలో చుక్క ఇప్పుడు 100 శాతం సైజులోనే కనిపిస్తోంది. ఆషాఢం ముందు ముహూర్తాల్లో తప్పులు రాలేదు, వచ్చిన ఒకటి వరుడి మేనమామ పేరు వారే తప్పు రాసిచ్చినది.

అల్లుడు మాత్రం సెలవుల్లో వచ్చినప్పుడల్లా కౌంటర్ స్ట్రైక్ కోసం డెస్క్‌టాప్‌నే 1280×960కి మార్చి, బొమ్మను అడ్డంగా సాగదీసుకొని ఆడతాడు. శత్రువు లావుగా కనిపిస్తాడట, గురి కుదురుతుందట. పోటీల్లో ఆడే పెద్ద ఆటగాళ్ళలో కూడా చాలామంది ఇదే చేస్తారు. నేను అన్ని లెక్కలు వేసి కొన్న 36,86,400 చుక్కల్లో వాడు వాడుకునేది సరిగ్గా మూడో వంతు. వాడుకున్నాక తిరిగి మార్చడం వాడికి అలవాటు లేదు. మొన్న ఒక ఉదయం తెరవగానే పేజీలో వినాయకుడు మరీ బొద్దుగా కనిపించాడు, నేను గమనించక ఆయనను సన్నగా నొక్కి సరిచేసి ప్లేటుకు పంపబోయాను. అప్పటినుంచి షట్టర్ ఎత్తగానే అగరుబత్తి వెలిగించడం కంటే ముందు డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూస్తున్నాను.